ఎనభై ఎనిమిదో కార్డు

పల్లంరాజుకి కోపం వస్తే అరిచేవాడు కాదు, చూపుడు వేలు పెదవుల మీద పెట్టుకునేవాడు. ఇరవై రెండేళ్ళు గ్రంథాలయంలో అటెండరుగా పనిచేసిన మనిషికి కోపం కూడా అలాగే అలవాటైపోతుంది కాబోలు. ఇంట్లో భార్య రత్నమాణిక్యం పప్పులో ఉప్పెక్కువ వేసినా వేలే, పక్కింటి కోడిపుంజు వేళకాని వేళ కూసినా వేలే. మండపేట నుంచి ఆలమూరు వెళ్ళే దారిలో, కాలువ గట్టున ఉన్న ఆ ఊళ్ళో పిల్లలందరూ అతన్ని చాటుగా సైలెన్సు గారు అనేవారు. ఎదురుపడితే మాత్రం బాబాయి గారూ అని తెగ మర్యాద చేసేవారు, పుస్తకం గడువు దాటాక తెచ్చినప్పుడు మరీను.

ఇప్పుడతను రిటైరయ్యాడు. పొద్దుట పూట టీ కొట్టు బల్ల మీద కూర్చుని, ఎవరైనా ఫోనులో ఏదో వెతుక్కుంటుంటే చూసి ఒక నిట్టూర్పు విడుస్తాడు. అక్కడి నుంచి మొదలవుతుంది. "మా రోజుల్లో వెతకడం అంటే వేళ్ళతోనండి" అంటాడు. ఆ మాట వచ్చిందంటే ఇక రెండు వేల మూడో సంవత్సరం నవంబరు నెల వచ్చినట్టే, విన్నవాడి టీ చల్లారినట్టే.

ఆ గ్రంథాలయంలో టేకు చెక్క కార్డుల బీరువా ఒకటి ఉండేది. ఇరవై నాలుగు సొరుగులు. ఒక్కో పుస్తకానికి అరచేతిలో పట్టే అట్ట కార్డు ఒకటి, దాని మీద రచయిత పేరు, పుస్తకం పేరు, కుడి మూల నంబరు. ప్రతి కార్డుకీ కింద చిల్లు ఉండేది. ఆ చిల్లులన్నిటిలోంచి ఇనప చువ్వ దూరి ఉండేది, అది లాగితే తప్ప కార్డు బయటికి రాదు. ఆ చువ్వ లాగే హక్కు ఊరు మొత్తం మీద పల్లంరాజుకి ఒక్కడికే ఉందని పల్లంరాజు అభిప్రాయం. చదివింది ఏడో తరగతే. కానీ అకారాది క్రమంలో అతన్ని కొట్టేవాడు జిల్లాలో లేడు. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరొకాయన ఏదో పుస్తకం పేరు చెబితే, పల్లంరాజు కళ్ళు మూసుకుని పదకొండో సొరుగు లాగి, వేలు పెట్టి చూపించాడు. ఆయన భేష్ అన్నాడు. ఆ ఒక్క భేష్ మీద పల్లంరాజు పదిహేనేళ్ళు బతికాడు.

లైబ్రేరియన్ సంపూర్ణమ్మ గారు. రాజమండ్రి దగ్గర లూథరన్ క్రైస్తవ కుటుంబం, ఆవిడ తల్లి పేటల్లో తిరిగి ఆడవాళ్ళకి చదవడం నేర్పిన మనిషి. సంపూర్ణమ్మ గారు నవ్వుతూనే ఉండేవారు గానీ ఆవిడకి లోపల ఒక దిగులుండేది. పొద్దున్నే వచ్చేది అదే పదకొండు మంది పెద్దవాళ్ళు, కొట్టుకునేది అదే పేపరు కోసం. మీసం మొలవని పాఠకుణ్ణి చూసి ఎన్నేళ్ళయిందో అనుకునేవారు. అలాంటి రోజుల్లో ఊళ్ళో రైసుమిల్లు యజమాని ఒకాయన తన ఆఫీసులో పాతబడిన కంప్యూటరొకటి గ్రంథాలయానికి ఇచ్చేశాడు. అది వచ్చిన మూడో రోజుకల్లా హైస్కూలు పిల్లలు ఈగల్లా ముసిరారు. కారు రేసులు, తుపాకీ మోతలు. పల్లంరాజు వేలు పెదవుల మీద నుంచి దిగితే ఒట్టు.

ఒక నెల చూశారు సంపూర్ణమ్మ గారు. చూసి, ఒక సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి కొత్త నియమం చెప్పారు. ఇక నుంచి ఈ కంప్యూటర్లో ఆట ఆడాలంటే ఆ ఆట మీరే రాయాలి. పిల్లలు గొల్లుమన్నారు. పల్లంరాజు లోపల సంతోషించాడు, పీడా విరగడవుతుందని. కానీ ఒక్కరూ కదల్లేదు. ఆవిడ పల్లంరాజుతో విడిగా అన్నారు, పుస్తకం విప్పమంటే పారిపోయే ఆ కుర్రాడు జయపాల్ ఈ తెర మీద ప్రతి అక్షరమూ చదువుతున్నాడండి, చదవకపోతే ముందుకెళ్ళలేడు కాబట్టి, అక్కడుంది కిటుకు అని. ఆవిడ చిన్నప్పుడు చర్చి ఆదివారం బడిలో టీచరు బైబిలు అధ్యాయం, వచనం చెబితే ఎవరు ముందు వెతికి చదివితే వాళ్ళు గెలిచినట్టట. గెలవాలన్న యావలో అక్షరం రాని పిల్లలు కూడా మూడు నెలల్లో గడగడా చదివేసేవారట.

ఆట ఇలా రాయాలి. కార్డు మీద నాలుగైదు వాక్యాలు. చివర్న రెండు దారులు. ఇలా చేస్తే పన్నెండో కార్డు చూడు, అలా చేస్తే ముప్ఫైయ్యో కార్డు చూడు. ఆ కార్డులో మళ్ళీ రెండు దారులు. కార్డులన్నీ తయారయ్యాక జయపాల్ ఒక్కో కార్డునీ కంప్యూటర్లో ఒక్కో పేజీగా కొడతాడు, దారి మీద నొక్కితే ఆ పేజీ వచ్చేట్టు ముడి వేస్తాడు. వాళ్ళ పెదనాన్నకి మండపేటలో శుభలేఖలు అచ్చు వేసే డీటీపీ షాపుంది, తెలుగు అక్షరాలు అక్కణ్ణుంచి ఫ్లాపీలో మోసుకొచ్చాడు. అందుకే ఆ ఆటలో అక్షరాలన్నీ పెళ్ళిపిలుపులా వంపులు తిరిగి ఉండేవి.

దేని మీద ఆట అని నాలుగు రోజులు కొట్టుకున్నారు. కార్లన్నారు, దెయ్యాలన్నారు. చివరికి పడవ ఆట అంది శ్రీదుర్గ. కాలువకి అడ్డంగా తలుపులుండే ధవళేశ్వరం లాకు దగ్గర ధాన్యం పడవ ఎక్కాలి, కాకినాడ చేరాలి. పడవల కాలం ఈ పిల్లలెవరూ చూడలేదు. అందుకని పేపరు చదివే పెద్దవాళ్ళ మీద పడ్డారు. కాలువకి ఎదురు నడిపేటప్పుడు పడవని గట్టు మీద నుంచి ఎందరు లాగేవారండీ, లాకులో నీళ్ళు నిండడానికి ఎంతసేపండీ అని. మనవలతో కూడా మాట్లాడడం మానేసిన ముసలాయన ఒకాయన పేపరు మడిచి పక్కనపెట్టి గంటసేపు చెప్పాడు. పిల్లలు మే నెలలో పడవ నడిపించారని తెలిసి మండిపడ్డాడు కూడా. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదర్రా, బురదలో నడుపుతారా పడవని అని. ఆ ముక్కతో ఇరవై కార్డులు తిరగరాయాల్సి వచ్చింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ పల్లంరాజు మొహం వెలుగుతుంది. అప్పట్లో మాత్రం వెలగలేదు. నాకెందుకండీ ఆ కుర్రవేషాలు అని ఒక్కసారి కూడా ఆ ఆట వంక తొంగి చూడలేదు. ఆట అంటే కంప్యూటరు డబ్బాలో ఉండేది అనుకున్నాడే గానీ, సంపూర్ణమ్మ గారు బీరువాలోంచి ఖాళీ కేటలాగు కార్డులే తీసి పిల్లలకిచ్చారని అతనికి తెలియదు.

శ్రీదుర్గ సంగతి చెప్పాలి. మిల్లు జట్టులో బస్తాలు మోసే బుల్లబ్బాయి కూతురు. తల్లి లేదు. మార్చిలో పదో తరగతి లెక్కల్లో పోయింది, అప్పట్నుంచీ బడి లేదు. చేతిరాత మాత్రం ముత్యాలు. అందుకే సంపూర్ణమ్మ గారు కొత్త పుస్తకాల కార్డులు కూడా ఆ పిల్ల చేతే రాయించేవారు. ఆట కార్డులు కూడా, ఊహ ఎవరిదైనా, అన్నీ తనే రాసింది. ఆ పడవ ఎక్కే మనిషి కూడా, శ్రీదుర్గ రాయగా రాయగా, గడ్డి మోపుల చాటున కూర్చుని కాకినాడలో పరీక్ష రాయడానికి వెళ్ళే ఆడపిల్ల అయిపోయింది. ఆ పిల్లెవరో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

బుల్లబ్బాయి కూతుర్ని మిల్లులో పనికి పెడదామనుకుంటున్నాడు. చదివింది చాలు, పోయిన లెక్కలు మళ్ళీ వస్తాయా అని అతని వాదన. గ్రంథాలయ వారోత్సవాలు మొదలైన మర్నాడు, శనివారం సాయంత్రం, పనిలోంచి తిన్నగా గ్రంథాలయానికొచ్చి అందరి ముందూ కేకలేశాడు. ఇంట్లో పొయ్యి వెలగలేదు, ఇక్కడ కూర్చుని ఆటలా అని. కార్డులున్న అట్టపెట్టె ఎత్తి బల్ల మీద దబ్బున వేసి, ఈ చెత్త పొయ్యిలో పెడితే అన్నమన్నా ఉడుకుద్ది అన్నాడు. శ్రీదుర్గ తల వంచుకుంది. సంపూర్ణమ్మ గారే అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, గురువారం ముగింపు సభ, కాకినాడ నుంచి ఆఫీసరు గారు వస్తారు, మీ అమ్మాయి చేసింది ఏమిటో మీరూ వచ్చి చూడండి, చూశాక మీ ఇష్టం అని ఒప్పించారు. పదో తరగతి మళ్ళీ రాసేవాళ్ళకి దరఖాస్తు గడువు నెలాఖరు దాకా ఉంది. చూశాకే ఆ సంగతి అన్నాడు బుల్లబ్బాయి. శ్రీదుర్గ చదువు ఆ గురువారం మీద ఆగింది.

సంపూర్ణమ్మ గారు ఆ సాయంత్రమే మీటింగుకని కాకినాడ వెళ్ళారు. వెళ్తూ పల్లంరాజుకి చెప్పారు, కొత్త పుస్తకాల కార్డులు బల్ల మీదున్నాయి, ఆఫీసరు గారు వచ్చేలోగా సొరుగుల్లో సర్దేయండి అని. ఆదివారం పల్లంరాజు ఒక్కడే. బల్ల మీద రెండు పెట్టెలున్నాయి, నిన్నటి కేకల్లో వాటిల్లో ఏముందో అతను చూసుకోలేదు. రెండింట్లోనూ అవే కార్డులు, అదే చేతిరాత, అదే మూల నంబర్లు. కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాడు, సర్దడానికి కార్డు పై వరస చూస్తే చాలు. మొదటి పెట్టె సాఫీగా సాగింది. రెండోదాంట్లో రచయితల పేర్లు లేవు. 'నువ్వు లాకు దగ్గరికి వచ్చావు.' 'వాన మొదలైంది.' 'పడవ నడిపే సరంగు నిన్ను చూసేశాడు.' ఈ మధ్య నవలల పేర్లు ఇలాగే ఏడుస్తున్నాయి అని గొణుక్కున్నాడు. రచయిత లేని పుస్తకాన్ని పేరులో మొదటి అక్షరాన్ని బట్టి సర్దాలి, అది పద్ధతి. పద్ధతి ప్రకారం నూట పదకొండు కార్డుల్నీ, తొమ్మిది వేల కార్డుల మధ్యన, ఏ అక్షరం దగ్గర పెట్టాల్సినవి ఆ అక్షరం దగ్గర పెట్టి, చువ్వలు దూర్చి, సొరుగులు మూసి, చేతులు దులుపుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భార్యతో చెప్పుకున్నాడట, ఒక్క రోజులో మూడొందల కార్డులు సర్దానే అని.

సోమవారం సాయంత్రం పిల్లలొచ్చి పెట్టె మూత తీశారు. ఖాళీ. జయపాల్ అప్పటికి నలభై కార్డులే కంప్యూటర్లో కొట్టాడు, మిగతావి ఇంకెక్కడా లేవు. ఆ పొద్దున్నే కాకినాడ నుంచి వచ్చేసిన సంపూర్ణమ్మ గారు పల్లంరాజు వైపు తిరిగి, ఈ పెట్టెలో పిల్లల ఆట కార్డులుండాలి, చూశారాండీ అని అడిగారు. అడిగిన ఆ క్షణంలోనే పల్లంరాజుకి అర్థమైపోయింది. నవలలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క కార్డు తప్పు పెట్టని మనిషి. అరగంట క్రితమే పిల్లల్ని పిలిచి, సొరుగులెలా మెరిసిపోతున్నాయో చూడండర్రా అని గొప్పలు పోయిన మనిషి. అతను చెప్పాలనుకున్నది ఒకటి, నోటి నుంచి వచ్చింది ఇంకొకటి.

"ఆయ్, లేదండి. నేను చూడలేదండి."

అంతటితో పోలేదు. శ్రీదుర్గ ఆ ఖాళీ పెట్టె వంకే చూస్తూ, మా నాన్న పొయ్యిలో పెట్టేశాడండి అంది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పల్లంరాజు అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ అతను టీ గ్లాసు కింద పెట్టేస్తాడు. నా అంత వెధవ పని ఎవడూ చేసి ఉండడండి అంటాడు, అందులో అతి ఏమీ లేదు.

మంగళవారం పదకొండింటికి గ్రంథాలయం మూసేశాక, మళ్ళీ నాలుగింటికి తెరిచేలోగా, లోపల గడియ పెట్టుకుని సొరుగుల మీద పడ్డాడు. మొదట న అక్షరం. 'నువ్వు' అని మొదలైనవి ముప్ఫై ఏడు కార్డులు ఒక్క చోటే దొరికాయి. ఎంత పని తేలికైందో అని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. మిగతావి ఏ అక్షరంతో మొదలవుతాయో గుర్తు లేదు. మూడొందలు సర్దినవాడికి ఏం గుర్తుంటాయి? నాలుగయ్యేసరికి చేతిలో యాభై ఉన్నాయి. అతని ఆలోచన ఏమిటంటే, అన్నీ దొరికాక ఆ కట్టని బీరువా వెనకాల పడేసి, అరే ఇక్కడ పడిపోయాయే అని తనే తీసిద్దామని. దొంగ ఆలోచన. నాలుగింటికి తలుపు తీస్తే ఎదురుగా బుల్లబ్బాయి నిలబడి ఉన్నాడు. పని మధ్యలో వచ్చినట్టున్నాడు, భుజాల మీద ఊక ఇంకా అలాగే ఉంది.

"పల్లంరాజు గారూ, నాకు నోరు మంచిది కాదండి, ఒప్పుకుంటాను. అన్నంత మాత్రాన చేసేస్తానాండీ? నువ్వే కాల్చేశావు నాన్నా అంది నన్ను. నిన్నటి నుంచి అన్నం ముట్టుకోలేదు, నా మొహం చూడట్లేదు. మిల్లులో పనికెళ్తాను, ఇక చదువు ఊసెత్తను అంటంది. నేను తీయలేదని మీరన్నా దానికి చెప్పండి. ఆ రోజు మీరూ ఉన్నారు కదండీ."

మిల్లు పనికి పంపాలన్నది తన కోరికే. ఆ కోరిక తీరే వేళకి ఆ మనిషి ఇలా వచ్చి నిలబడ్డాడు. పల్లంరాజు తల ఎత్తలేకపోయాడు. లోపలికెళ్ళి యాభై కార్డులూ తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"మీరు కాల్చలేదండి. నేను సర్దేశాను. పుస్తకాల కార్డులనుకుని సొరుగుల్లో పెట్టేశాను. నిన్ననే తెలిసింది, సిగ్గేసి చెప్పలేదండి."

బస్తాలు మోసే చెయ్యి. ఒక్కటిచ్చుకుంటే పల్లంరాజు కార్డుల బీరువా ఎక్కి కూర్చునేవాడు. ఇచ్చుకున్నా బాగుండేదండి అంటాడు అతను. బుల్లబ్బాయి కార్డులు అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు. ఈ మాట నాతో కాదండి, దానితో చెప్పండి అన్నాడు.

మిల్లు వెనక వీధిలో, రేకుల ఇంటి గుమ్మం దగ్గర నిలబడి, పదిహేనేళ్ళ పిల్లకి పల్లంరాజు తన తప్పు చెప్పుకున్నాడు. అబద్ధం సంగతి కూడా చెప్పాడు. శ్రీదుర్గ వింది. తండ్రి వంక ఒకసారి చూసి కళ్ళు దించేసుకుంది. తర్వాత అడిగింది ఒక్కటే, అక్షర క్రమంలోనే పెట్టారాండీ అని. క్రమంలోనేనమ్మా, అందులో మాత్రం తేడా రాదు అన్నాడు పల్లంరాజు, అంత సిగ్గులోనూ కాస్త రోషంగా. ఆ పిల్ల లేచి లోపలికెళ్ళి రెండు కంచాలు పెట్టింది. పల్లంరాజు అక్కడి నుంచి వచ్చేశాడు.

సంపూర్ణమ్మ గారికి కూడా ఆ సాయంత్రమే చెప్పేశాడు. ఆవిడ నవ్వొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. రేపు పిల్లలందర్నీ పిలుద్దాం, సొరుగులన్నీ బల్లల మీదికి దించండి అన్నారు.

బుధవారం లాంటి రోజు ఆ గ్రంథాలయం మళ్ళీ చూడలేదు. పల్లంరాజు తన చేత్తో ఇరవై నాలుగు చువ్వలూ లాగేశాడు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. ఎనిమిది మంది పిల్లలు తలో సొరుగు ముందేసుకుని ఒక్కో కార్డే చదువుకుంటూ పోయారు. పేపరు పెద్దలు కూడా తలో సొరుగు పుచ్చుకున్నారు. ఆట కార్డు దొరికినప్పుడల్లా దొరికిందోచ్ అని కేక. మధ్యమధ్యలో ఇంకో రకం కేకలు. బాబాయి గారూ, కరెంటు మోటార్లు బాగుచేసే పుస్తకం అని ఉంది, నిజంగా మన దగ్గరుందాండీ? బాబాయి గారూ, సముద్రం దొంగల కథలంట, ఎక్కడుందండీ? ఈ పిల్లలు రెండు నెలలుగా ఈ గదిలోనే ఉన్నారు, అంతంత పుస్తకాలు అల్మారాల్లో ఉన్నాయని వాళ్ళకి తెలియనే తెలియదు. పల్లంరాజు సొరుగులకీ అల్మారాలకీ మధ్య పరుగులు పెట్టాడు. ఎన్నేళ్ళుగానో ఎవరూ కదపని పుస్తకాల మీద దుమ్ము దులిపి తెచ్చి పిల్లల పక్కన పెట్టాడు. సాయంత్రానికి ఒక్కొక్కరి పక్కన రెండేసి మూడేసి పుస్తకాలు. గది గదంతా సంతలా ఉంది. అతని వేలు మాత్రం పెదవుల దాకా ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఇందుకే కదా నేను ఇన్నాళ్ళూ ఈ సొరుగులు కాచింది అనిపించిందండి అంటాడు.

దొరికిన కార్డుని దొరికినట్టే జయపాల్ కంప్యూటర్లో కొడుతున్నాడు. ఆరు గంటలకి మూడు కార్డులు తక్కువ. అందులో రెండు పక్కపక్క సొరుగుల్లో దొరికాయి. నంబర్లు వరసగా పేర్చి చూస్తే ఎనభై ఏడు తర్వాత ఎనభై తొమ్మిది ఉంది. ఎనభై ఎనిమిది లేదు. పల్లంరాజు బల్లల కింద చూశాడు, బీరువా వెనక చూశాడు. చూసిన సొరుగులే మళ్ళీ మొదట్నుంచీ చూడడం మొదలెట్టాడు. అదొక్కటీ లేకపోతే రేపు ఆట మధ్యలో ఆగిపోతుంది, బుల్లబ్బాయి లేచి వెళ్ళిపోతాడు, ఈ పిల్ల బతుకు మిల్లులో తెల్లారుతుంది, అంతా నావల్లే అని గొణుక్కుంటున్నాడు.

గురువారం ఆఫీసరు గారొచ్చారు, పిల్లల భుజాలు తట్టారు, పేపర్లో రెండు లైన్లు కూడా పడ్డాయి. అవేవీ పల్లంరాజు చెప్పడు. అతను చెప్పేది ఆ బుధవారం సాయంత్రం ఆరున్నర గంటల సంగతి.

బుల్లబ్బాయి పని దిగి అప్పుడే వచ్చాడు. రేపు కదా రమ్మన్నాం అని ఎవరూ అడగలేదు. కాళ్ళు కడుక్కుని, ఇంకా ఎవరూ సర్దని స అక్షరం సొరుగు దగ్గర కూర్చున్నాడు. మూడో తరగతి దాకా చదివాడు, కూడబలుక్కుని చదవగలడు. పక్కనే పేర్చి పెట్టిన ఆట కార్డుల్లోంచి ఒకటి తీశాడు. ఎందుకు అదే తీశాడో తెలియదు, పైనుందేమో. వేలు పెట్టి ఒక్కో మాటా పైకి చదివాడు.

"సామర్లకోట లాకు దగ్గర పడవ ఆగింది. గట్టు మీద మీ నాన్న సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిన్ను పేరు పెట్టి పిలుస్తున్నాడు. పలక్కుండా గడ్డి చాటున దాక్కుంటే అరవై ఒకటో కార్డు. లేచి పలికితే ఎనభై ఎనిమిదో కార్డు."

శ్రీదుర్గ చేతిలో సొరుగు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. బుల్లబ్బాయి అరవై ఒకటి ఏదీ అన్నాడు. జయపాల్ తీసిచ్చాడు. లాకు తలుపులు తెరుచుకుంటాయి, పడవ సాగిపోతుంది, నువ్వు పరీక్ష రాస్తావు, పాసవుతావు, ఆ మాట చెప్పడానికి నీకెవరూ లేరు, ఆట అయిపోయింది. ఇదీ అందులో ఉన్నది. అది చదవడానికి బుల్లబ్బాయికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చెయ్యలేదు. చదివాక దాన్ని బోర్లా పెట్టాడు. ఎనభై ఎనిమిదేదీ అన్నాడు.

పల్లంరాజు ముందుకొచ్చాడు. తప్పు నాదేనండి, రెండుసార్లు గాలించాను, ఇంకోసారి చూస్తాను, ఎక్కడో ఉండే ఉంటుంది అన్నాడు. మాట పూర్తి కాలేదు.

"దొరకదండి, బాబాయి గారూ. అది నేను రాయలేదు. నాన్న ఏమంటాడో నాకు తెలీలేదండి."

తన తప్పు కాదని తెలిసి పల్లంరాజుకి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం, ఆ పిల్ల మాటేమిటో బుర్రకెక్కాక, ఆ సంతోషానికి సిగ్గుపడ్డాడు. ఆ పిల్ల నూట పదకొండు కార్డులు రాసింది. వాన రాసింది, సరంగుని రాసింది, లాకు తలుపులు రాసింది. ఈ ఒక్క చోట కలం ఆగిపోయింది. బుల్లబ్బాయి కూతురి వంక చూడలేదు. సామర్లకోట కార్డునే చూస్తూ కూర్చున్నాడు. చేతి వెంట్రుకల మీద తౌడు తెల్లగా అంటుకుని ఉంది. లేచి వెళ్ళిపోతాడేమోనని అందరికీ భయం వేసింది. సంపూర్ణమ్మ గారు ఒక ఖాళీ కార్డు తీసి అతని ముందు బల్ల మీద పెట్టారు. అతను దాన్ని కూతురి వైపు జరిపాడు.

"రాసుకో. దిగమనడానికి రాలేదు. అన్నం కేరేజీ మర్చిపోయి ఎక్కేసింది, అది ఇవ్వడానికి సైకిలేసుకుని వచ్చాడు. అలా రాయి."

శ్రీదుర్గ మూల మీద ఎనభై ఎనిమిది వేసి, వంగుని రాయడం మొదలెట్టింది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి, కార్డు తడవకుండా చేత్తో తుడుచుకుంటూ రాసింది. తను కూడా ఏడుస్తున్నాడని తర్వాత ఎవరో చెబితే గానీ పల్లంరాజుకి తెలియలేదు. బుల్లబ్బాయి మెడ చాచి, ఒక్కో అక్షరం పడుతుంటే చూస్తున్నాడు. రాసింది చాలలేదనిపించింది కాబోలు.

"కాకినాడ హోటళ్ళలో అన్నం దానికి పడదు. అది కూడా రాయి" అన్నాడు.

శ్రీదుర్గ అది కూడా రాసింది.